పెర్ల్ కెండ్రిక్

పెర్ల్ కెండ్రిక్ 1890వ సంవత్సరమున అమెరికా దేశమునందలి ఇల్లినాయ్ రాష్ట్రములో వీటన్ అను ఊర జన్మించెను. మూడేండ్ల ప్రాయమున ఆమెకు కోరింతదగ్గు సోకి మానెను. పెద్దయైన పిమ్మట కొంతకాలము పాఠశాలలో ఉపాధ్యాయినిగా నుండి (ఇది మావంటివారికి సంతోషకరమైన సంగతియే), తరువాత సూక్ష్మజీవిశాస్త్రము నభ్యసించి, 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందెను.

అప్పటికామె గ్రాండ్ రాపిడ్స్ పట్టణమునందలి మిషిగన్ ఆరోగ్యశాఖవారి ప్రయోగశాలకు అధికారిణి. ఆ దినములలో ఆ దేశమున ఏటేట సుమారు 6,000 మంది కోరింతదగ్గుచే మరణించుచుండిరి. వారిలో పలువురు ఏడాది నిండని శిశువులు. 1932లో ఆ పట్టణమున ఈ దగ్గు ప్రబలగా, కెండ్రిక్కును, ఆమె సహచరి గ్రేస్ ఎల్డరింగును పగలెల్ల ప్రయోగశాలలో పనిచేసి, ప్రొద్దుగ్రుంకిన తరువాత రోగుల యిండ్లకు బోవుచుండిరి. పనులు పోయి జనులు అలమటించుచున్న కాలమది. కిరసనాయిలు దీపపు వెలుతురున, దగ్గి దగ్గి సొమ్మసిల్లు బిడ్డ నోటి యెదుట ఒక గాజుపళ్లెమును పట్టుదురు. బంగాళాదుంప రసమును, రక్తమును చేర్చిన మేత అందులో నుండును. తుంపురులు పడిన ఆ పళ్లెమును కొన్నిదినములు వెచ్చగా నుంచి చూతురు. క్రిములు పెరిగినచో బిడ్డను ఇతరులతో కలియనీయరాదు, పెరుగనిచో విడువవచ్చును. ఈ పరీక్ష మిక్కిలి యక్కరకు వచ్చినది. ఏలయన, ఈ వ్యాధి వట్టి పడిశమువలె గన్పట్టు తొలిదినములలోనే అతిసులభముగా నంటును.

పిమ్మట వారు చంపిన క్రిములతో టీకామందు చేసి, ముందుగా తమకే పొడిపించుకొనిరి. 1934లో పిల్లలకిచ్చుట ప్రారంభించిరి. టీకా పొందిన 712 మందిలో నలుగురికిని, పొందని 880 మందిలో 45 మందికిని దగ్గు వచ్చెను. 1936లో అధ్యక్షుని భార్యయగు ఎలియనార్ రూజ్వెల్టు స్వయముగా వచ్చి చూచి, ధనసహాయము లభించునట్లు చేసెను. తరువాతి కాలమున ఈ మందును కంఠసర్పి, ధనుర్వాతముల మందులతో కలిపి యొకే టీకాగా నిచ్చిరి. కెండ్రిక్ 1980లో మరణించెను.

అయితే నవజాతశిశువు మాట వేరు. మన దేశమున ఈ టీకా తొలిసారి ఆరవ వారమున నిత్తురు. అందాక బిడ్డకు దాని రక్షణ లేదు. అంత చిన్నబిడ్డ ఒక్కొక్కప్పుడు కోరింత కూతయైన పెట్టదు. ఊపిరి నిలిచి నీలివర్ణము దాల్చును. రోగమును తెచ్చువారు తరచుగా ఇంటివారే: తల్లి, తండ్రి, బడినుండి వచ్చిన అన్న, అక్క. ఇందుచేత పలుదేశములలో గర్భిణికి కడపటి నెలలలో టీకా వేయుచున్నారు. తల్లి దేహమునందు పుట్టిన రక్షకశక్తి పుట్టుకకు మునుపే బిడ్డకు జేరుచున్నది.