మమ్మీలు ఆయన పేషెంట్లు

మమ్మీ అనగానే మనకి హాలీవుడ్ సినిమానే గుర్తొస్తుంది. మార్క్ అర్మాండ్ రఫర్ అనే డాక్టర్‌కి మాత్రం మమ్మీ అంటే ఒక పేషెంట్.

ఆయన 1859లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టారు. లండన్‌లో డిఫ్తీరియా మీద పనిచేస్తూ అదే జబ్బు తెచ్చుకున్నారు. కోలుకుందామని ఈజిప్ట్ వెళ్లి, అక్కడే ఉండిపోయారు. కైరో మెడికల్ స్కూల్‌లో బ్యాక్టీరియాలజీ ప్రొఫెసర్ అయ్యారు. తర్వాత ఆ దేశపు క్వారంటైన్ వ్యవహారాలన్నీ చూసుకున్నారు.

మమ్మీ కండ ఎండి పెళుసుగా ఉంటుంది. కోయబోతే పొడి పొడి అయిపోతుంది. మరి మైక్రోస్కోప్ కింద ఎలా పెట్టాలి? రఫర్ దాన్ని నీళ్లు, ఆల్కహాల్, సోడియం కార్బొనేట్ కలిపిన ద్రావణంలో నానబెట్టారు. అది మెత్తబడ్డాక పల్చటి ముక్కలుగా కోసి, రంగు వేసి చూశారు. నాకు ఇది డెడ్ అయిన హార్డ్ డిస్క్ నుంచి డేటా లాగినట్టే అనిపించింది.

సుమారు 3000 ఏళ్ల నాటి రెండు మమ్మీల కిడ్నీల్లో బిల్హార్జియా పురుగు గుడ్లు దొరికాయని 1910లో ప్రకటించారు. కాలువ నీళ్లలో దిగితే చర్మం గుండా ఒంట్లోకి దూరే పురుగు అది. రఫర్ రోజుల్లో కూడా అక్కడి రైతులకి మూత్రంలో రక్తం పడేది దానివల్లే. అంటే ఫారోలు పోయారు, జబ్బు మాత్రం పోలేదు!

1917లో, యుద్ధ సమయంలో, గ్రీసులో ఆరోగ్య ఏర్పాట్లు చూసి ఓడలో తిరిగొస్తుంటే టార్పెడో దాడిలో చనిపోయారు. ఆయన వ్యాసాలు 1921లో పుస్తకంగా వచ్చాయి. మమ్మీలని మెత్తబరిచే ఆ ద్రావణాన్ని ఇప్పటికీ రఫర్ ద్రావణం అనే అంటారు.