డేగలను చదివిన వైద్యుడు – జెర్డన్

ఎల్.బి. నగర్ దాటి వనస్థలిపురము వైపు పోవు త్రోవలో మహావీర్ హరిణ వనస్థలి కలదు. పూర్వము నిజాము ప్రభువుల వేటస్థలమైన ఆ పొదల నేలపై డేగ ఎగురుట చూచినపుడెల్ల మాకు డాక్టర్ థామస్ కావర్‌హిల్ జెర్డన్ జ్ఞప్తికి వచ్చును. దిల్‌సుఖ్‌నగర్ అంగళ్లపై తిరుగు గద్దలను నిత్యము చూచు మన విద్యార్థులలో ఆయన పేరు విన్నవారు అరుదు.

ఆయన 1811లో ఇంగ్లండున జన్మించి, ఎడింబరోలో చదివి, 1836లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరెను. గంజాములోను, నిజాం రాజ్యములోని జాల్నాలోను పని చేసి, పిమ్మట నెల్లూరు సివిల్ సర్జను అయ్యెను. అచట అడవి నెరిగిన యానాదులే ఆయనకు గురువులైరి. 1843–47 మధ్య మద్రాసున వెలువడిన ఆయన పక్షి చిత్రగ్రంథమున 50 పటములు కలవు. వానిని గీచినవారిలో పెక్కురు మన దేశపు చిత్రకారులు. పుస్తకముపై పేరు మాత్రము దొరదే!

1862–64లో కలకత్తాలో అచ్చయిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' ఆయన ప్రధాన కృతి. అందు డేగల ప్రకరణమే మాకు మిక్కిలి ప్రీతికరము. వేటడేగను తెలుగున సాళువమందురు. సాళువ రాజుల వంశనామమదియే. డేగలను పెంచువారు హిందుస్తానీలో వాడు తురుమ్తి అను పేరును జెర్డన్ విడువక నిలిపెను. ఎర్రని తల గల ఈ పక్షి మెట్టనేలలయందు, ఎడారి అంచులయందు వసించును. పరిమాణమున ఇంచుమించు పావురమంత. వేటపక్షులు సాధారణముగా ఒంటరివి. తురుమ్తి అట్లు కాదు. ఆలుమగలు జంటగా వేటాడును. ఒకటి పిట్టను తరుముచుండగా రెండవది అడ్డగించును.

అమెరికా ఎడారులలోని హ్యారిస్ డేగలు ఇంతకంటె వింతవి. ఐదారు కూడి కుందేలును చుట్టుముట్టి, దొరికిన దానిని పంచుకొని తినును. గూటిలోని పిల్లలకు తల్లిదండ్రులే గాక తక్కినవియు ఆహారము తెచ్చును. ఒక్కొక్కపుడు ఒకదాని వీపుపై మరొకటి నిలుచుట కూడ కలదు! జెర్డన్ తిరిగిన నేలలలో ఆ పక్షి లేదు.

ఆయన 1872లో ఇంగ్లండున మరణించెను. ఆయన పేర ప్రసిద్ధమైన కలివికోడి 1900 తరువాత ఎవరికిని కానరాలేదు. నశించినదనియే పండితులు తలచిరి. 1986లో కడప జిల్లా చిట్టడవిలో స్థానికుడైన ఒక వేటగాడు రాత్రివేళ దానిని పట్టి తెచ్చెను.