మట్టి మర్మమెరిగిన ఆచార్యుడు – లీబిగ్

కృష్ణా తుంగభద్రల నడుమ వెలసిన మన రాయచూరు సీమలో సేద్యంతో సంబంధం లేని ఇల్లు అరుదు. 1953లో తుంగభద్ర నీరు కాలువల కెక్కిన పిదప, కోస్తా జిల్లాల నుండి తరలివచ్చిన అనేక తెలుగు కుటుంబాలు సింధనూరు, మాన్వి ప్రాంతాలలో క్యాంపులు కట్టుకొని నల్లరేగడిని వరిమళ్ళుగా తీర్చిదిద్దాయి. ఆ మట్టి నుండి పైరు గ్రహించేదేమిటో లోకానికి బోధించిన మహనీయులలో అగ్రగణ్యుడు యూస్టుస్ ఫాన్ లీబిగ్.

ఆయన 1803 మే 12న జర్మనీలోని డార్మ్‌స్టాట్ పట్టణంలో జన్మించారు. తండ్రి రంగులు, రసాయన ద్రవ్యాల వర్తకుడు. బడిచదువులో వెనుకబడిన ఆ బాలునికి తండ్రి పనిశాలయే పాఠశాల అయింది. 1816లో ఐరోపాలో వేసవి రాలేదు. పంటలు పోయి కరవు తాండవించింది. అప్పటికి ఆయన వయస్సు పదమూడేళ్ళు. అనంతరం పారిస్‌లో గేలుస్సాక్ వద్ద విద్య నభ్యసించి, 1824లో ఇరవై ఒకటవ యేటనే గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. విద్యార్థులచేత స్వహస్తాలతో ప్రయోగాలు చేయించే ఆయన బోధనాపద్ధతి దేశదేశాల వారిని ఆకర్షించింది.

మొక్కకు ఆహారం కుళ్ళిన ఆకుఅలముల సారమేనని నాటి పండితుల నమ్మకం. మొక్క బొగ్గుపులుసు గాలిని ఆకాశం నుండి, భాస్వరం, పొటాషియం, సున్నం వంటి ఖనిజాలను నేల నుండి తీసుకొంటుందని లీబిగ్ 1840లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించారు. అన్నీ ఉండి ఒక్కటి కొరవడినా, ఆ కొరవడినదే పంటను నిర్ణయిస్తుందన్న సూత్రాన్ని ఆయనకు ముందే స్ప్రెంగెల్ చెప్పినా, ప్రచారంలోకి తెచ్చినది లీబిగే. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటిదైతే, రెండవది ఎంత బలిష్ఠమైనా నాగలి సాగేది కుంటిదాని నడకనే గదా!

అయితే ఆయనా పొరబడ్డారు. వాన నీటికి కొట్టుకొనిపోకూడదని 1845లో నీట కరగని ఎరువును తయారు చేయించారు. కరగనిదానిని వేరు పీల్చలేదు, ఎరువు విఫలమైంది. పైరుకు కావలసిన నత్రజని గాలివానల నుండే చాలినంత లభిస్తుందన్న ఆయన వాదాన్ని ఇంగ్లండులో లాస్, గిల్బర్ట్ గోధుమ పొలాలలో ప్రయోగాలు చేసి ఖండించారు. ఏళ్ళ తరబడి వాదులాట సాగింది. పొటాష్ వంటి లవణాలను మట్టియే పట్టి ఉంచుతుందని 1850లో వే అనే శాస్త్రజ్ఞుడు నిరూపించారు. తుదకు 1862లో, తన గ్రంథపు కొత్త కూర్పులో, ఎరువు విషయమైన తన తప్పిదాన్ని లీబిగ్ బాహాటంగా అంగీకరించారు. 1873 ఏప్రిల్ 18న మ్యూనిక్‌లో కన్నుమూశారు. గీసెన్ విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరనే వెలుగొందుతున్నది.

మొక్కకు నేల నుండి పదునాలుగు మూలకాలు కావాలని నేటి శాస్త్రం చెబుతున్నది. మన రేగడి మళ్ళలో యూరియా ఎంత చల్లినా వరి ఆకులు తుప్పు రంగుకు తిరగడం కద్దు. అక్కడ తరచు కొరవడినది నత్రజని కాదు, ఎకరాకు కొద్ది కిలోలతో సరిపోయే జింకు. ఏది కొరవడినదో మట్టిపరీక్షతోనే తెలుస్తుంది. తెలియక కుమ్మరించిన ఎరువు రైతు అప్పునే పెంచుతుంది.

బడికి వచ్చే బిడ్డ విషయమూ ఇంతే. ఒకరికి కొరవడినది అక్షరం, మరొకరికి ఆదరణ, వేరొకరికి అన్నం. అదేదో కనుగొనడమే ఉపాధ్యాయుని విద్య. బడిలో వెనుకబడి, పెద్దయి వేలెత్తి చూపబడి, తప్పును ఒప్పుకొన్న ఈ ఆచార్యుని జీవితం తల్లిదండ్రులకు, గురువులకు, పూర్వ విద్యార్థులకు సదా స్మరణీయం.