శిఖరం దిగివచ్చిన సర్జన్

మాది చిత్తూరు జిల్లా. మా వైపు జబ్బు ముదిరిందంటే వేలూరు తీసుకుపోతారు. ఆ వేలూరు వైద్య కళాశాలలో 1949 నుంచి 1961 వరకు పనిచేసిన ఒక ఇంగ్లీషు సర్జన్, ఎవరెస్టు మీద దాదాపు 28,000 అడుగుల దాకా ఎక్కినవాడని మన లైబ్రరీలో చదివేదాకా నాకు తెలియదు. ఆయనే థియొడోర్ హోవర్డ్ సోమర్వెల్.

1890లో ఇంగ్లండులోని కెండాల్‌లో, బూట్ల వ్యాపారం చేసే కలిగినవారింట పుట్టాడు. కేంబ్రిడ్జిలో, లండన్‌లో చదివి డాక్టరయ్యాడు. 1916లో సోమ్ యుద్ధరంగంలో వందలు వేలుగా క్షతగాత్రులు గుడారాల బయట నేలమీద పడివుంటే, ముందు ఎవరిని బల్ల ఎక్కించాలో తేల్చుకోవలసిన పని ఆయనది.

1922లో ఎవరెస్టు యాత్రకు వచ్చాడు. మంచుచరియ విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. దొరలలో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి ఆయన మనసును కలచివేసింది. తిరుగుదారిలో దేశం చూద్దామని దక్షిణాదికి వచ్చి, తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో అడుగుపెట్టాడు. అక్కడా అదే దృశ్యం. రోగులు కుప్పలుతెప్పలు, సర్జన్ ఒక్కడు. లండన్‌లో మంచి భవిష్యత్తు ఉండి కూడా నెయ్యూరులోనే ఉండిపోవాలని నిశ్చయించుకున్నాడు.

1924లో నెయ్యూరు నుంచే మళ్ళీ ఎవరెస్టుకు వెళ్ళాడు. ఆక్సిజన్ లేకుండా నార్టన్‌తో కలిసి ఎక్కాడు. దిగేటప్పుడు గొంతులో పొర ఊడి అడ్డంపడి ఊపిరాడలేదు. ఇక చావే అనుకుని, చివరిసారిగా రెండు చేతులతో రొమ్ము గట్టిగా నొక్కుకుంటే ఆ అడ్డు రక్తంతో సహా బయటపడింది. బతికి దిగాడు. దిగి, నెయ్యూరుకే వచ్చాడు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే కడుపులో పుండ్లు కోశాడు, కుష్ఠురోగులకు వైద్యం చేశాడు. 1975లో స్వదేశంలో కన్నుమూశాడు.

ఆయన మతప్రచారానికి కూడా వచ్చినవాడే. దానిమీద మనలో మనకి వాదం ఉండొచ్చు, ఉండనీండి. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. చదువైపోగానే ఏ దేశం, ఎంత జీతం అని ఇంట్లో అడుగుతున్నారు. నేనూ అదే లెక్క వేస్తున్నాను. మనకోసం ఎక్కడ ఎక్కువమంది కాచుకుని ఉన్నారు అన్న లెక్క ఒకటి ఉందని, మిత్రులారా, నాకిదివరకు తట్టనేలేదు. జవాబు ఇంకా తేల్చుకోలేదు. కానీ ప్రశ్న మాత్రం మారింది.