మహానటి సావిత్రి – రెండు సిద్ధులు

సావిత్రి నటించిన చిత్రాలలో ఉత్తమమైనది ఏది అన్న ప్రశ్న తెలుగువారి ఇంట తలెత్తితే ఏకాభిప్రాయం కుదరడం కష్టం. ఒకరు ‘దేవదాసు’ అంటారు. మరొకరు ‘మాయాబజార్’ను మించినది లేదంటారు. ఇంకొకరికి ‘గుండమ్మ కథ’ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ‘చివరకు మిగిలేది’ చూడనివారికి సావిత్రి నటన సగమే తెలుసునని వాదించేవారూ ఉన్నారు. వీరిలో ఎవరి మాటా అసత్యం కాదు. అయితే అందరూ ఒకే కొలబద్దతో కొలవడం లేదు. జనాదరణ ఒక కొలబద్ద, రసజ్ఞుల ప్రశంస మరొక కొలబద్ద.

ఈ భేదాన్ని మన పూర్వులు ఏనాడో గుర్తించారు. నాట్యశాస్త్రంలో భరతముని ప్రయోగ సాఫల్యాన్ని ‘సిద్ధి’ అని పేర్కొని, దానిని మానుషి, దైవికి అని రెండు విధాలుగా విభజించాడు. ప్రేక్షకుల నవ్వులు, హర్షధ్వానాలు, లేచి నిలబడి చేసే అభినందనలు మానుషీసిద్ధికి గుర్తులు. రంగశాల కిక్కిరిసి ఉండి కూడా సడి లేకుండా, అలజడి లేకుండా భావంలో లీనమైపోతే అది దైవికీసిద్ధి. మొదటిది చెవికి వినిపిస్తుంది. రెండవది నిశ్శబ్దంలో తెలుస్తుంది.

పోచంపల్లి చీర విషయంలోనూ ఈ రెండు చూపులూ కనిపిస్తాయి. కొనేవారు రంగుల పొందిక చూసి ముచ్చటపడతారు. నేతపని ఎరిగినవారు పడుగులోని గీత పేకలోని గీతతో ఎంత సూటిగా కలిసిందో పరిశీలిస్తారు. నూలుకు ముడులు కట్టి రంగు అద్దిన నాడే ఆ నమూనా నిర్ణయమైపోతుంది. మగ్గం మీదికి వచ్చాక దిద్దుకోవడానికి అవకాశం తక్కువ. రెండు చూపులకూ నిలిచిన చీరే మేలైన చీర. సావిత్రి చిత్రాలను ఈ రెండు దృష్టులతోనూ పరిశీలిస్తే ఆమె నటజీవితం మనకు సమగ్రంగా అర్థమవుతుంది.

సావిత్రి 1930ల నడుమ గుంటూరు జిల్లా చిర్రావూరులో జన్మించింది. తండ్రి నిశ్శంకర గురవయ్య, తల్లి సుభద్రమ్మ. పసితనంలోనే తండ్రి మరణించడంతో పెదతల్లి భర్త కొమ్మారెడ్డి వెంకట్రామయ్య సంరక్షణలో విజయవాడలో పెరిగింది. అక్కడే శిష్ట్లా పూర్ణయ్య శాస్త్రి వద్ద నాట్యం అభ్యసించి, బాల్యంలోనే నాటకాలలో వేషాలు ధరించింది. బడిచదువు ఎక్కువగా సాగలేదు. లయజ్ఞానం, చూసినదాన్ని క్షణంలో అనుకరించగల నేర్పు ఆమెకు పెట్టుబడి అయ్యాయి.

చిత్రసీమ ఆమెకు పూలబాట పరచలేదు. 1950లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వెలువడిన ‘సంసారం’లో మొదట ఆమెకు ముఖ్యమైన పాత్రే లభించింది. కెమెరా ముందు తడబడడంతో ఆ పాత్ర చేజారి, చిన్న వేషంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1951లో కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’లో ఒక నృత్యగీతంలో మాత్రమే కనిపించింది. 1952లో వచ్చిన ‘పెళ్ళి చేసి చూడు’లో రెండవ కథానాయికగా గుర్తింపు పొందింది. తొలిచిత్రంలో తడబడిన బాలిక రెండేళ్ళలో నిలదొక్కుకోవడానికి కారణం అదృష్టం ఒక్కటే కాదు. చేజారిన పాత్ర నేర్పిన పాఠాన్ని ఆమె మరువలేదు.

1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘దేవదాసు’ విడుదలైంది. శరత్‌చంద్ర చటర్జీ నవల ఆధారంగా తీసిన ఆ చిత్రంలో సావిత్రి పార్వతి. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు. చెరువుగట్టున అల్లరి చేసే పల్లెపిల్లగా మొదలై, వయసు మళ్ళిన జమీందారు ఇల్లాలిగా, ఎదిగిన సవతి బిడ్డలకు తల్లిగా మారే పాత్ర అది. ఆ మార్పును ఆమె వేషంతో కాక నడకతో, చూపుతో, మాట ఆగే చోటుతో చూపింది. తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ ఆ చిత్రం ఘనవిజయం పొందింది. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసుగా ఎంతగా నిలిచిపోయాడో, సావిత్రి పార్వతిగా అంతగా నిలిచిపోయింది.

1955వ సంవత్సరం ఆమె జీవితంలో మరొక మలుపు. విజయా సంస్థ ‘మిస్సమ్మ’లో ప్రధాన పాత్రకు మొదట భానుమతిని ఎంచుకుని కొంత చిత్రీకరణ కూడా జరిపింది. నిర్మాతలతో అభిప్రాయభేదం వల్ల ఆమె తప్పుకోగా, రెండవ కథానాయికగా ఉన్న సావిత్రికి ఆ పాత్ర లభించింది. ఉద్యోగం కోసం పరాయివాని భార్యగా నటించవలసి వచ్చిన యువతి చిరాకును, ఆ చిరాకు మాటున మొలకెత్తే అనురాగాన్ని ఆమె ఏకకాలంలో ప్రదర్శించింది. హాస్యచిత్రంలో నాయిక తాను నవ్వకుండా ప్రేక్షకులను నవ్వించడం సులభమైన పని కాదు. అదే ఏడాది పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ‘కన్యాశుల్కం’లో మధురవాణి పాత్ర ధరించింది. గురజాడ నాటకాన్ని వెండితెరకు మలచిన తీరుపై సాహిత్యలోకంలో భిన్నాభిప్రాయాలు ఉన్నప్పటికీ, మధురవాణి చాతుర్యాన్ని, ఆమెలోని సంస్కారాన్ని సావిత్రి ఆవిష్కరించిన తీరును మెచ్చనివారు అరుదు.

రెండు సిద్ధులూ ఒక్కచోట కలిసిన చిత్రం ‘మాయాబజార్’. 1957 మార్చి 27న విడుదలైన ఈ చిత్రానికి కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. ఇందులో సావిత్రి శశిరేఖ. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కూడా ఆమెయే. ఎస్.వి. రంగారావు పోషించిన ఘటోత్కచుని ఠీవి, హుంకారం, విశాలమైన నవ్వు ఒక సుకుమారి దేహంలో కనబడాలి. పెళ్ళిపాటలో గొంతు మారిన ప్రతిసారీ ముఖకవళిక మారాలి, మరుక్షణం మళ్ళీ కన్నెపిల్ల సిగ్గు రావాలి. పి. సుశీల కంఠానికి, ఘంటసాల కంఠానికి ఒకే ముఖం రెండు విధాలుగా స్పందించడం ఆ పాటలోని విశేషం. పసిపిల్లలు దానిని చూసి కేరింతలు కొడతారు. నటనలో శిక్షణ పొందేవారు దానినే నిదానంగా మళ్ళీ మళ్ళీ చూసి పాఠంగా నేర్చుకుంటారు. భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంలో 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ వార్తాసంస్థ జరిపిన ఆన్‌లైన్ ఓటింగులో దేశంలోని అత్యుత్తమ చిత్రంగా ‘మాయాబజార్’ నిలిచింది. చిత్రం విడుదలైన యాభై ఆరేళ్ళకు లభించిన ఆదరణ ఇది.

జనాదరణను నాటి చిత్రవ్యాపారం రోజులలో లెక్కించేది. యాభై రోజులు, వంద రోజులు, రజతోత్సవం అన్నవే ప్రమాణాలు. పట్టణాలలో ఆడి అరిగిన ప్రతులు ఆ తరువాత చిన్న ఊళ్ళకు, టూరింగ్ టాకీసుల డేరాలకు చేరేవి. అక్కడ నేలమీద కూర్చుని చూసిన రైతుకూలీల సంఖ్య ఈ రోజుల లెక్కలో పూర్తిగా ఇమడదు. ఏ ప్రమాణంతో చూసినా 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ అగ్రశ్రేణిలో ఉంటుంది. సవతితల్లి ఇంట పనిమనిషి వలె బ్రతుకుతూ ఓర్పు కోల్పోని లక్ష్మి పాత్ర సావిత్రిది. సూర్యకాంతం గయ్యాళితనం, రామారావు, నాగేశ్వరరావుల చమత్కారం ప్రేక్షకుల కరతాళధ్వనులను దోచుకుంటున్న చోట, ఆమె తగ్గి నటించి కథకు తూకం నిలిపింది. పదిమంది మెరిసే చోట ఒకరు నిదానంగా ఉండడమూ కళయే.

అదే ఏడాది ‘రక్తసంబంధం’లో అన్నాచెల్లెళ్ళ అనుబంధం ప్రేక్షకులను కంటతడి పెట్టించింది. దాని తమిళ మాతృక ‘పాశమలర్’లోనూ 1961లో శివాజీ గణేశన్ సరసన చెల్లెలు ఆమెయే. 1964లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో వచ్చిన ‘మూగమనసులు’ గోదావరి నేపథ్యంలో జమీందారు బిడ్డ రాధకు, పడవవాడు గోపికి నడుమ మాటకు అందని అనురాగాన్ని చిత్రించింది. ఈ చిత్రాన్ని ఏ పట్టికలో చేర్చాలో నిర్ణయించడం కష్టం. జనం పదేపదే చూశారు, విమర్శకులూ మెచ్చారు.

రసజ్ఞుల పట్టికలో పైన నిలిచి, జనుల పట్టికలో దిగువన ఉన్న చిత్రం 1960 నాటి ‘చివరకు మిగిలేది’. సుచిత్రాసేన్ నటించిన వంగచిత్రం ‘దీప్ జ్వేలే జాయ్’ దీనికి ఆధారం. మనోవ్యాధికి లోనైన రోగులకు ప్రేమను నటించి స్వస్థత కలిగించే నర్సు, ఆ నటనలో తన హృదయాన్ని నిజంగా అర్పించి, చివరకు తానే మతి కోల్పోతుంది. నటిస్తున్న స్త్రీని నటించి చూపడం, ఆ నటన ఏ క్షణాన నిజమైందో ప్రేక్షకుడు గ్రహించేలా చేయడం ఈ పాత్రలోని క్లిష్టత. ‘మాయాబజార్’ అందుకున్న వ్యాపార విజయం దీనికి దక్కలేదు. అయినా భరతముని చెప్పిన నిశ్శబ్దసిద్ధికి తెలుగు తెరపై ఉదాహరణ కావాలంటే ముందుగా స్ఫురించేది ఈ చిత్రమే.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. ప్రశంసను కొలవడానికి పురస్కారాలు ఉన్నాయి కదా? సావిత్రి ఉచ్చస్థితిలో ఉన్న కాలానికి ఆ కొలత దాదాపు లేదు. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమనటికి ప్రత్యేక పురస్కారం 1967 నాటి చిత్రాలతోనే మొదలైంది. దానిని తొలిసారి నర్గిస్ అందుకున్నది. 1964 చిత్రాలతో ఆరంభమైన నంది పురస్కారాలలో నటీనటులకు విడిగా బహుమతులు ఇవ్వడం 1970ల రెండవ సగంలో గాని రాలేదు. కాబట్టి బహుమతుల సంఖ్యతో ఆమెను తరువాతి తరం నటీమణులతో పోల్చడం న్యాయం కాదు. కొలబద్దే లేని చోట కొలత తక్కువగా ఉన్నదనడం తర్కానికి నిలవదు.

రెండు దృష్టులనూ కలిపి ఒక వరుస కూర్చవలసి వస్తే, ఆదరణలోను ప్రశంసలోను ‘మాయాబజార్’ది ప్రథమస్థానం. ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మూగమనసులు’ రెండు వైపులా బలంగా నిలిచి తరువాతి స్థానాలు పొందుతాయి. ఆదరణ ఒక్కటే చూస్తే ‘గుండమ్మ కథ’ వీటిని దాటి పైకి వస్తుంది. నటన ఒక్కటే చూస్తే ‘చివరకు మిగిలేది’, ‘కన్యాశుల్కం’ ముందుకు వస్తాయి. ప్రమాణం మారితే క్రమం మారుతుంది. అందుచేత ఏ వరుసనైనా ఒప్పుకునే ముందు దానిని ఏ ప్రమాణంతో కూర్చారో అడగాలి.

విజయాల కాలంలో సావిత్రి దానగుణానికి పేరు పొందింది. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉన్నకాలంలో దేశరక్షణ నిధికి తన ఆభరణాలను సమర్పించింది. తమిళులు ఆమెను నడిగయర్ తిలకంగా గౌరవించారు. 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రంతో దర్శకురాలైంది. ముఖ్యమైన శాఖలను స్త్రీలే నిర్వహించిన ఆ చిత్రానికి గాయని పి. లీల సంగీతం సమకూర్చింది. నేటికీ అరుదుగా కనిపించే ఆ ప్రయత్నం ధనం తేలేదు. 1971లో తనకు కీర్తి తెచ్చిన ‘మూగమనసులు’ కథనే ‘ప్రాప్తం’ పేరుతో తమిళంలో పునర్నిర్మించి, దర్శకత్వం వహించి తీవ్రంగా నష్టపోయింది. ఏడేళ్ళ క్రితం జనం హృదయానికి హత్తుకున్న కథ మరొక భాషలో, మరొక కాలంలో నిలవలేదు. జనాదరణ మీద ఆస్తిని పందెం కాయడం ఎంత ప్రమాదమో ఈ ఘటన తెలుపుతుంది.

నటుడు జెమినీ గణేశన్‌తో 1952లో జరిగిన ఆమె వివాహం కొన్నేళ్ళ తరువాత గాని లోకానికి వెల్లడి కాలేదు. ఆ దాంపత్యంలో ఎడబాటు, ఆర్థిక నష్టాలు, మద్యపానం ఆమె ఆరోగ్యాన్ని కుంగదీశాయి. 1970లలో కథానాయిక స్థానం పోయి, సహాయ పాత్రలు మిగిలాయి. 1980లో స్పృహ కోల్పోయి, ఏడాదిన్నరకు పైగా ఆ స్థితిలోనే ఉండి, 1981 డిసెంబర్ 26న మద్రాసులో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళయినా నిండలేదు. కోట్లాది ప్రేక్షకుల అభిమానం ఆమెకు కీర్తినిచ్చింది, కాని కష్టకాలంలో ఆసరాగా నిలవలేకపోయింది. ప్రేక్షకులు పాత్రను ప్రేమించినంతగా ఆ పాత్రధారిణి శ్రమను, ఒంటరితనాన్ని ఎరగరు. చిత్రాలకు స్థానాలు నిర్ణయించే మనం గుర్తుంచుకోవలసిన సత్యం ఇది.

2011లో భారత తపాలాశాఖ దేశంలోని సుప్రసిద్ధ నటీమణుల స్మారకంగా వెలువరించిన బిళ్ళలలో సావిత్రికి చోటు కల్పించింది. 2018లో నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వచ్చిన ‘మహానటి’ ఆమె జీవితాన్ని కొత్త తరానికి పరిచయం చేసింది. అందులో సావిత్రి పాత్ర ధరించిన కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమనటి పురస్కారం లభించింది. సావిత్రి తన ఉచ్చస్థితిలో నటించిన కాలానికి పుట్టని పురస్కారం, ఆమెను అనుకరించి చూపిన నటికి దక్కింది.

మార్కులు, ర్యాంకుల నడుమ చదువు సాగిస్తున్న విద్యార్థులకు ఈ జీవితం ఒక మాట చెబుతుంది. ‘సంసారం’లో పాత్ర చేజారిన నాటి సావిత్రికి ఏ పట్టికలోనూ స్థానం లేదు. ఏడేళ్ళ తరువాత అదే సావిత్రి శశిరేఖ అయింది. ఒకనాటి కొలత ఆనాటి పనిని మాత్రమే కొలుస్తుంది. ఆ మనిషిలో ఇంకా మిగిలి ఉన్నదానిని కొలవలేదు.