పళ్ళ డాక్టరు పేరు గుండెలోకి ఎలా వచ్చింది? చార్లెస్ స్టెంట్ (1807–1885)

రాకెట్ ప్రయోగం చూపించడానికి పిల్లల్ని శ్రీహరికోట తీసుకెళ్ళిన తల్లిదండ్రులకు సూళ్ళూరుపేట దాటాక వచ్చే ఆ రోడ్డు గుర్తుండే ఉంటుంది. రెండు పక్కలా పులికాట్ సరస్సు, సీజన్‌లో అయితే ఫ్లెమింగోలు. ఆ దీవి నుంచే 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దాని ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. ఆ తర్వాత ఆయన క్షిపణుల పని మీద హైదరాబాద్ వచ్చారు. 1990ల్లో గుండె వైద్యులు డాక్టర్ సోమరాజు గారితో కలిసి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్‌ను తక్కువ ఖర్చులో రూపొందించారు. దానికి కలాం–రాజు స్టెంట్ అని పేరు వచ్చింది. అందులో కలాం ఎవరో మనకు తెలుసు, రాజు ఎవరో తెలుసు. మూడో మాట కూడా ఒక మనిషి పేరే.

ఆయనే చార్లెస్ స్టెంట్. 1807లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో పుట్టి, లండన్‌లో పళ్ళ డాక్టరుగా స్థిరపడ్డారు. గుండె వైద్యంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఆయన పట్టించుకున్న సమస్య కట్టుడు పళ్ళది.

ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో పళ్ళ సెట్టు ఉంటే ఈ సమస్య మీకు చెప్పనక్కర్లేదు. సెట్టు చిగుళ్ళ మీద సరిగ్గా కూర్చోకపోతే అన్నం నమలలేరు, మాట తడబడుతుంది, చిగురు పుండవుతుంది. చివరికి సెట్టు గ్లాసులోనే ఉండిపోతుంది. సెట్టు బాగా కుదరాలంటే ముందు నోటి అచ్చు కచ్చితంగా రావాలి. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేస్తారు, ఆ నమూనా మీద సెట్టు తయారవుతుంది. మొదటి అచ్చులో వెంట్రుకవాసి తేడా వచ్చినా అది చివరిదాకా వస్తుంది.

స్టెంట్ కాలానికి అచ్చు తీసే సాధనాలు రెండు మూడే. తేనెమైనం నోట్లోంచి తీస్తుంటేనే వంగిపోయేది. ప్లాస్టర్ నోట్లోనే గట్టిపడి, కొన్నిసార్లు ముక్కలుగా పగలగొట్టి తీయాల్సి వచ్చేది. ఆ బాధ రోగులే చెప్పాలి. 1840ల చివర్లో ఎడ్విన్ ట్రూమన్ అనే మరో లండన్ పళ్ళ డాక్టరు మలయా అడవుల చెట్ల పాల నుంచి వచ్చే గట్టాపర్చా వాడటం మొదలుపెట్టారు. (రూట్ కెనాల్ చేశాక పంటి లోపల నింపేది ఇప్పటికీ ఇదే.) వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ చల్లారేటప్పుడు కుంచించుకుపోయి ఆకారం మారేది.

1856లో స్టెంట్ చేసింది వినడానికి చాలా చిన్న పని. కొవ్వొత్తుల తయారీలో వాడే స్టియరిన్‌ను గట్టాపర్చాలో కలిపారు. దాంతో అది సులువుగా ఒదిగింది, ఆకారం నిలబెట్టుకుంది. మిశ్రమానికి ఒళ్ళు రావడానికి మెత్తటి టాల్క్ రాతి పొడి చేర్చారు. ఎరుపు రంగు వేశారు. కొత్త పదార్థం ఏదీ కనిపెట్టలేదు, ఉన్నవాటి పాళ్ళు సరిచూశారు. నా దృష్టిలో ఇది కనిపెట్టడానికి ఏమీ తీసిపోదు.

ఇది ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెప్పాలంటే లక్క గాజులు చూపించండి. వేడి తగిలితే లక్క సాగుతుంది, చల్లారితే బిగుస్తుంది, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ సాగుతుంది. ఉడికిన గుడ్డు మాత్రం వెనక్కి పచ్చిగా మారదు. సైన్సు పుస్తకంలోని భౌతిక మార్పుకీ రసాయన మార్పుకీ ఉన్న తేడా ఇదే. నేటి డెంటల్ కాలేజీల్లో వాడే ఎర్ర కాంపౌండ్ బిళ్ళలు ఆ పాత మిశ్రమానికి వారసులే. కొన్నింటిలో శుద్ధి చేసిన లక్క కూడా ఉంటుంది. సుమారు 60 డిగ్రీల నీళ్ళలో నానబెట్టి, పిండిలా పిసికి, ట్రేలో పెట్టి చిగుళ్ళకు అదుముతారు. నోటి వేడి 37 డిగ్రీలే కాబట్టి అక్కడ గట్టిపడుతుంది. ఇది వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు. పైన గట్టిపడినా మధ్యలో మెత్తగానే ఉండవచ్చు. తొందరపడి తీస్తే అచ్చు పాడైనట్టే. గట్టిపడ్డాక సాగదు కాబట్టి పళ్ళున్న నోటికంటే పళ్ళు లేని దవడలకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

అన్నట్టు, పళ్ళు పోయాక దవడ ఎముక ఏళ్ళ తరబడి అరుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్ళ పాత సెట్టు వదులైతే తప్పు వారిది కాదు, దవడ మారింది. డాక్టరుకు చూపించడం మంచిది.

స్టెంట్ కొడుకులు చార్లెస్ రాబర్ట్, ఆర్థర్ కూడా పళ్ళ వైద్యులే. కుటుంబం పేరుతోనే ఈ మిశ్రమాన్ని అమ్మారు. తండ్రి 1885లో పోయారు. కొడుకుల తర్వాత హక్కులు కొన్న క్లాడియస్ ఆష్ కంపెనీ కూడా స్టెంట్ పేరు మార్చలేదు. మార్చి ఉంటే ఈ వ్యాసమే లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు చర్మం అతికే పని డచ్ సర్జన్ యోహానెస్ ఎస్సర్‌ది. అతికిన చర్మం కదలకుండా, గాయానికి ఆనుకుని ఉండాలి. అందుకు ఆయన పళ్ళ డాక్టర్ల మిశ్రమంతో అచ్చు చేసి అదిమి పెట్టారు. 1917లో ఆ పద్ధతిని ప్రచురించారు. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ గిల్లీస్ కూడా ఆ దారి పట్టారు. పదార్థం పేరు కాస్తా పని పేరైంది: శరీరంలో ఒక భాగాన్ని దాని ఆకారంలో పట్టి ఉంచేది ఏదైనా స్టెంటే. 1950ల్లో పిత్తనాళం శస్త్రచికిత్సలో పెట్టిన ప్లాస్టిక్ గొట్టానికీ ఈ మాటే వాడారు. 1986 మార్చిలో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో జాక్ పుయెల్ మనిషి గుండె రక్తనాళంలో మొదటి స్టెంట్ అమర్చారు. పళ్ళ డాక్టరు స్టెంట్ చనిపోయి అప్పటికి 101 ఏళ్ళు. ఇంకో పదేళ్ళు అటూ ఇటుగా, హైదరాబాద్‌లో ఆ పేరు ముందు మరో రెండు పేర్లు చేరాయి.