గ్రిఫిత్ ఎవాన్సు గారి జీవిత చరిత్రము

ఏటేట మన పాఠశాలనుండి బయలుదేరు విద్యార్థులలో కొందరు పశువైద్యవిద్య నభ్యసింప గోరుదురు. తల్లిదండ్రులు పెక్కుమంది దాని కంగీకరింతురు గాని, పట్టము చేతికి వచ్చిన వెంటనే సర్కారు పశువుల ఆసుపత్రిలో నుద్యోగము దొరికినచో చాలునని తలంతురు. ఆ యుద్యోగము మిక్కిలి గౌరవప్రదమైనదే. పల్లెటూరి రైతునకు పశువుల డాక్టరు చేయు మేలు సామాన్యమైనది కాదు. అయినను ఆ విద్య నేర్చినవారికి పరిశోధన యను మరియొక మార్గమును గలదు. ఆ మార్గమున నడచి లోకమున కొక నూతన సత్యమును దెలిపిన పశువైద్యుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గ్రిఫిత్ ఎవాన్సు గారు 1835 వ సంవత్సరము ఆగస్టు 7 వ తేదీన వేల్సు దేశమున టవిన్ అను పట్టణమునకు సమీపమందొక వ్యవసాయదారుల కుటుంబములో జన్మించిరి. లండను నగరములోని రాయల్ వెటర్నరీ కళాశాలలో చదివి 1855 లో పశువైద్యులైరి. 1860 లో బ్రిటిషు ఫిరంగి దళమున పశువైద్యాధికారిగా చేరి, మరుసటి సంవత్సరము ఆ దళముతో గూడ కెనడా దేశమునకు పోయిరి. అచ్చట దళములోని గుర్రముల వైద్యము చూచుకొనుచునే మాంట్రియలు నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో మనుష్యవైద్యము నభ్యసించి 1864 లో పట్టము పొందిరి. ఆ సంవత్సరమే అమెరికా దేశములో అంతర్యుద్ధము జరుగుచుండగా అధ్యక్షులైన అబ్రహాము లింకను గారిని దర్శించిరి. ఉద్యోగము దొరికినదిగదా యని చదువు చాలించువారికిని ఎవాన్సు గారికిని గల భేదమును మన విద్యార్థు లిచ్చటనే గుర్తింపవలెను.

1877 లో ఎవాన్సు గారు హిందూదేశమునకు వచ్చిరి. సూక్ష్మజీవులే రోగములకు కారణములను సిద్ధాంత మప్పుడు బాల్యావస్థలో నుండెను. జర్మనీ దేశీయుడగు కోకు పండితుడు దొమ్మవ్యాధికి కారణమైన క్రిమిని గూర్చి ప్రకటించినది 1876 లోనే గనుక, పెద్ద వైద్యులలో ననేకులు ఆ సిద్ధాంతమును నమ్మకుండిరి.

1880 లో పంజాబు సరిహద్దునందలి డేరా ఇస్మాయిల్ ఖాను ప్రాంతమున గుర్రములును ఒంటెలును గుంపులుగా చచ్చుచుండెను. ఈ పట్టణ మిప్పుడు పాకిస్తానులో నున్నది. అచ్చటి జనులా రోగమును సర్రా యని పిలుచుచుండిరి. ఆ రోగము తగిలిన జంతువునకు జ్వరము వచ్చుచు పోవుచు నుండును, రక్తము పలుచబడును, కాళ్లును పొట్ట క్రింది భాగమును నీరుపట్టి ఉబ్బును, మేత మేయుచున్నను శరీరము క్షీణించి తుదకు మరణించును. కారణమును విచారించు పని ఎవాన్సు గారికి అప్పగింపబడెను.

ఆయన రోగముతో నున్న జంతువుల రక్తమును సూక్ష్మదర్శనిలో నుంచి చూచిరి. ఎఱ్ఱని రక్తకణముల నడుమ సన్నని పాము పిల్లలవంటి జీవులు మెలికలు తిరుగుచు, ఆ కణములను త్రోసికొనుచు పరుగెత్తుచుండెను. ఆయన అంతటితో తృప్తి చెందలేదు. రోగగ్రస్తమైన జంతువు రక్తమును ఆరోగ్యముగల జంతువు శరీరములోనికి ఎక్కించి చూచిరి. దానికిని ఆ రోగమే వచ్చెను. దాని రక్తమునందును ఆ జీవులే కనబడెను. కావున ఈ పరాన్నజీవియే రోగకారణమని ఆయన నిశ్చయించి అధికారులకు నివేదిక సమర్పించిరి.

ఆ నివేదిక కాదరణ లభింపలేదు. కలకత్తాలో టిమోతీ లూయిసు అను వైద్యపండితుడు 1878 లోనే ఎలుకల రక్తమునందు ఇట్టి జీవులను చూచియుండెను. ఆ యెలుకలు జబ్బుపడినట్లు తోచలేదు గనుక, గుర్రములయందు కనబడిన జీవులును నిరపాయమైనవే యని పెద్దలు భావించిరి. తాను కన్నులార చూచినదియు, ప్రయోగముచే నిరూపించినదియు నగుటచే ఎవాన్సు గారు తమ యభిప్రాయమును విడువలేదు.

1885 లో బర్మాయందు కంచరగాడిదలకు వచ్చిన రోగమును పరిశీలింప పోయిన పశువైద్యులు జాన్ హెన్రీ స్టీలు గారికి ఆ జీవులే కనబడగా, వారు దానికి ఎవాన్సు గారి పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞులు నేటికిని దానిని ట్రిపనోసోమా ఇవాన్సై యని వ్యవహరించుచున్నారు. 1895 లో డేవిడ్ బ్రూసు గారు ఆఫ్రికాలో పశువులను చంపుచున్న నగానా రోగమునకు ఇదే జాతి జీవి కారణమని కనుగొనిరి. పిమ్మట మనుష్యులను చంపెడి అతినిద్రావ్యాధికిని అట్టి జీవియే కారణమని తేలెను. 1901 లో లెనార్డు రాజర్సు గారు జోరీగలు సర్రాను ఒక జంతువునుండి మరియొక జంతువునకు మోయునని ప్రయోగపూర్వకముగా చూపిరి. ఇంతటి విజ్ఞానమునకు తొలిమెట్టు ఒక పశువైద్యుని సూక్ష్మదర్శని క్రింద నుంచబడిన రక్తబిందువే.

ఎవాన్సు గారు 1890 లో సైనికోద్యోగమునుండి విరమించి వేల్సులోని బాంగరు పట్టణమున నివసించిరి. 1917 లో లివర్పూలు ఉష్ణమండల వైద్య పాఠశాలవారు ఆయనకు మేరీ కింగ్‌స్లీ పతకము నొసగిరి. సత్యమును కనుగొన్న 37 సంవత్సరములకు ఈ సన్మానము లభించినది. మరుసటి సంవత్సరము స్టీలు గారి జ్ఞాపకార్థము స్థాపింపబడిన పతకమును ఆయనకే లభించెను. నూరేండ్లు నిండిన పిదప 1935 వ సంవత్సరము డిసెంబరు 7 వ తేదీన ఆయన పరమపదించిరి.

విద్యార్థులారా, ఈ పని ముగిసినదని తలంపకుడు. సర్రా రోగము మన దేశమున ఎద్దులకును గేదెలకును గుర్రములకును నేటికిని వచ్చుచున్నది. దానికి మందులు గలవు గాని టీకా లేదు. ఆ జీవి తన పైపొరను మాటిమాటికి మార్చుకొనును. శరీరము ఒక వేషమును గుర్తుపట్టి యెదిరించునంతలో మరియొక వేషము ధరించును. సాధారణముగా మనుష్య రక్తములో దీనిని చంపు శక్తి గలదు. అయినను 2004 లో మహారాష్ట్రములో ఒక రైతునకు ఈ జీవి సోకెను. ఆ రక్షణనిచ్చు మాంసకృత్తు అతని రక్తమున లేదని పరీక్షలలో తేలెను. పశువుల రోగమునకును మనుష్యుల రోగమునకును నడుమ గోడ లేదని దీనివలన తెలియుచున్నది.

తిరుపతి, రాజేంద్రనగరము, గన్నవరము మొదలగు చోట్ల మనకు పశువైద్య కళాశాలలు గలవు. పట్టము పొందినవారు అంతటితో ఆగక పైచదువులు చదివి పరిశోధన చేయుటకును వీలున్నది. ఉత్తరప్రదేశమున ఇజ్జత్‌నగరులోని భారత పశువైద్య పరిశోధన సంస్థ ఇట్టి పనికే యున్నది. ఈ మార్గమున స్థిరమైన జీతము ఆలస్యముగా దొరకవచ్చును, ప్రయోగములు పలుమారులు విఫలము కావచ్చును, పెద్దలు నమ్మకపోవచ్చును. తల్లిదండ్రు లీ సంగతి నెరిగియే తమ బిడ్డలకు కొన్ని సంవత్సరములు ఓపికతో తోడ్పడవలెనని మా ప్రార్థన. పాడిగేదె చచ్చిన యింట పిల్లల చదువు ఆగిపోవుట మనలో ననేకులము చూచినదే. ఒక రోగమునకు కారణమును గాని నివారణమును గాని కనుగొన్నవారు ఒక గేదెనే గాక, తాము ఎన్నడును చూడని వేల యిండ్లను కాపాడుదురు.

నోరులేని జీవుల బాధను దేవుడు మన చేతి కప్పగించియున్నాడు. ఆ బాధకు కారణమును వెదకు యువకులును యువతులును మన పాఠశాలనుండి బయలుదేరుదురు గాక.